ఆ వేళప్పుడు ఫోను మోగితే

ఈసారి సెలవుకి ఊరొచ్చిన నాలుగో రోజు, రొయ్యల గుంట గట్టు మీదున్న కాపలా షెడ్డులో నాయన పక్కన పడుకున్నాను. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం, ఇసకపల్లి దారిలో ఒక పల్లె. గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు వినపడుతుంది. కార్తీక మాసం, ఆకాశం నిండా మబ్బు. రాత్రి ఒంటిగంట దాటాక నాయన ఫోను టింగుమంది. మంచం మీంచి ఎట్టా లేచానో నాకే తెలీదు. గుండె దడదడలాడుతుంటే చీకట్లో తడుముకుంటూ ఫోను అందుకున్నాను. రాబోయే మూడు గంటల్లో జిల్లాలో అక్కడక్కడ పిడుగులతో వాన పడొచ్చు, చెట్ల కింద నిలబడొద్దు అని తెలుగులో మెసేజి.

నాయన కళ్ళు కూడా తెరవలేదు. "వాన మెసేజీనే గదా, పడుకో. వస్తానే ఉంటాయి" అన్నాడు. కాసేపాగి, "ఏందిరా, అట్ట ఉలిక్కిపడితివి?" అని అడిగాడు.

ఆ రాత్రి నాయనకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

తొమ్మిదేళ్ళుగా నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో ఉంటున్నాను. ఉద్యోగం ప్రొడక్షన్ సపోర్టు. నెలకో వారం ఆన్‌కాల్ ఉంటుంది. ఆ వారం సర్వర్ పడిపోతే ఎన్నింటికైనా సరే లేచి కూర్చోవాలి. ఆన్‌కాల్ లేని మూడు వారాలు కూడా ఫోను నోరు నొక్కి పడుకోలేను. అక్కడి రాత్రి ఇక్కడి పగలు. అమ్మ ఆస్పత్రికి వెళ్ళేదీ, కరెంటు వాళ్ళు వైరు తెంచేదీ, పొలం దగ్గర గొడవయ్యేదీ అన్నీ నేను నిద్రపోయే వేళల్లోనే. పరాయి దేశంలో ఉన్నవాళ్ళందరికీ ఇది తెలుసు. తెల్లవారుజామున ఫోను మోగితే ముందు మనసులోకి వచ్చేది ఆఫీసు కాదు, ఇంటి పెద్దల ముఖాలు.

2024 అక్టోబరు 4. అప్పటికి అమ్మ మా దగ్గరికొచ్చి రెండు నెలలు. నాయన రాలేదు. గుంటలో రొయ్య పట్టుబడికి దగ్గరపడింది, వదిలి రానన్నాడు. తెల్లవారుజామున ఐదు కావడానికి ఇంకా కొన్ని నిమిషాలుందనగా ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లూ ఒక్కసారిగా అరిచాయి. నాదీ, మా ఆవిడదీ, ఆఫీసుదీ, అమ్మ గదిలో ఉన్నదీ. అది మామూలు రింగు కాదు. రెండు స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి చెవిలో గీరినట్టుండే మోత. ఒకటి 853 హెర్ట్జ్, ఇంకొకటి 960. ఎంత మొద్దునిద్రలో ఉన్నా వినేవాడు ఊరుకోలేకుండా ఉండాలని కావాలనే పెట్టిన స్వరాలు. బల్ల మీద ఫోను వణుకుతూ వణుకుతూ అంచుదాకా జరిగింది.

నేను తెర మీది అక్షరాలు చదివేలోపే అమ్మ తలుపు తోసుకుని వచ్చేసింది. జుట్టు విడిపోయి ఉంది, చేతులు చల్లబడిపోయాయి. "నాయనకేమన్నా అయిందా? చెప్పరా, ఏమన్నా అయిందా?" నా మోచెయ్యి పట్టుకుని ఊపుతానే ఉంది. నాకు మాట రాలేదు. ఏమీ కాలేదని చెప్పాలన్నా, ముందు అది నేను చదవాలి గదా.

చదివాను. టెక్సాస్ పైకొసన హాల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒక పోలీసు అధికారిని కాల్చి పారిపోయినవాడి ఆనవాళ్ళు. అక్కడ దాన్ని బ్లూ అలర్ట్ అంటారు. మా ఇంటి నుంచి ఆ చోటికి కారులో నాలుగు గంటల పైన. హ్యూస్టన్ వాళ్ళకైతే ఇంకా దూరం. అయినా రాష్ట్రమంతా అదే నిమిషంలో లేచింది. ఒక అధికారికి బుల్లెట్ తగలడం చిన్న విషయమని నేననను. ఆయనకూ ఇల్లుంటుంది, ఎదురుచూసేవాళ్ళుంటారు. కానీ చీకట్లో, మూడో అంతస్తులో పక్క మీదున్న మా అమ్మ అతన్ని పట్టుకోవడానికి చేయగలిగింది ఏముంది?

నాయనకు వెంటనే ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం మూడున్నర. మేత వేస్తున్నాడు. ఆయన గొంతు విన్నాకగానీ అమ్మ కూర్చోలేదు. రక్తపోటు మాత్ర వేసుకున్నా ఆ పూటంతా చెయ్యి వణుకుతానే ఉంది. నేను నిద్ర లేకుండానే ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్ళాను. ఆ అలర్టు మీద ఆ దేశపు కమ్యూనికేషన్ల కమిషన్‌కు వేలల్లో ఫిర్యాదులు వెళ్ళాయని తర్వాత తెలిసింది.

అదే రోజు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే విషయం, దీన్ని ఆపేదెట్టా? సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి, నోటిఫికేషన్స్ నొక్కండి, అట్టడుగుకు జరపండి, అక్కడ మీటలుంటాయి. ఆఫీసు లిఫ్టు ముందు నిలబడి నేనూ నొక్కాను. పచ్చగా ఉన్న మీట బూడిద రంగుకు మారింది. అమ్మ ఫోన్లోవీ, మా ఆవిడ ఫోన్లోవీ సాయంత్రం ఇంటికెళ్ళి నేనే ఆపాను. మొత్తం కలిపి రెండు నిమిషాల పని. దేశాధ్యక్షుడి స్థాయిలో వచ్చే జాతీయ హెచ్చరికను మాత్రం ఎవరూ ఆపుకోలేరు, మిగతావన్నీ మన చేతిలోనే ఉంటాయి.

ఆ మీటలు నేను అంత తేలిగ్గా ఎట్టా ఆపానా అని తర్వాత చాలా బాధపడ్డాను. ఎందుకంటే ఆ మోత ఒకసారి మమ్మల్ని కాపాడింది. 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి తొమ్మిది. అప్పుడు రిచర్డ్‌సన్‌లో ఉండేవాళ్ళం. ఫోన్లు అరిచాయి. టోర్నడో వస్తోంది, కిటికీల్లేని చోటికి పొండి అని. మా ఆవిడా నేనూ పరుపు లాక్కుని బాత్రూంలో తొట్టిలో కూర్చుని నెత్తిన కప్పుకున్నాం. బయట రైలు పోతున్నట్టు చప్పుడు. తెల్లారి చూస్తే మైలు దూరంలో ఇళ్ళ కప్పులు లేవు. డాలస్‌ను చీల్చుకుంటూ పోయిన ఆ టోర్నడో ఇఎఫ్-3 స్థాయిది, అంటే సుడిగాలుల బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా కొలిచే లెక్కలో మూడు. అయినా ఒక్క ప్రాణం పోలేదు. ఆ రాత్రి మోత మమ్మల్ని ఉద్దేశించి, మేమున్న చోటికి, మేము చేయాల్సిన పని చెప్పి వచ్చింది.

పద్ధతి రెండింటికీ ఒకటే. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఎస్ఎంఎస్ ఒక్కో నంబరుకు విడివిడిగా పోతుంది, అందరికీ ఒకేసారి పంపితే దారి మూసుకుపోతుంది. ఇది అట్టా కాదు. టవర్ తన పరిధిలో ఉన్న ప్రతి ఫోనుకూ రేడియోలాగా ఒక్కసారే చెబుతుంది, ఎవరి నంబరూ అక్కర్లేదు. చాలా ఫోన్లు సైలెంట్‌లో ఉన్నా మోగుతాయి. అమెరికాలో 2012 నుంచి ఉంది. మన దేశంలోనూ 2023లో నమూనా సందేశాలు పంపి పరీక్షించారు. కావాలంటే ఏ టవర్లు మోగాలో ఎంచుకోవచ్చు, ఏ వీధుల వరకో గీత గీయవచ్చు. అంటే ఆ తెల్లవారుజామున రాష్ట్రమంతా లేవాల్సి రావడం యంత్రం చేతకానితనం కాదు. ఎవరిని లేపాలన్నది మనిషి తీసుకోవాల్సిన నిర్ణయం. దాన్ని ఎవరూ నిలబడి ఆలోచించలేదు.

నా ఉద్యోగంలో ఇదే పాఠం నేను చెమటోడ్చి నేర్చుకున్నాను. చేరిన కొత్తలో మా టీంలో ప్రతి చిన్నదానికీ ఆన్‌కాల్ ఫోను మోగేది. డిస్కు ఎనభై శాతం నిండితే మోగేది, బ్యాకప్ పది నిమిషాలు ఆలస్యమైతే మోగేది. రాత్రికి ఎనిమిది, తొమ్మిదిసార్లు. ఒకరోజు నిజంగా పేమెంట్లు ఆగిపోయినప్పుడు మోగిన ఫోనును నా తోటివాడు, గుంటూరు కుర్రాడు, సగం నిద్రలో నొక్కేసి పక్కకు తిరిగాడు. మళ్ళీ లేచేసరికి గంటన్నర. అతన్ని అందరూ తిట్టారు. నేను మాత్రం అతని తప్పని ఇప్పటికీ అనుకోను. ఏడు రాత్రులపాటు ఆ మోతకు అర్థం లేదని అతనికి నేర్పించింది మేమే. ఆ తర్వాత కూర్చుని ఒక్కో అలర్టు తీసి చూశాం. ఇది మోగితే లేచినవాడు అప్పటికప్పుడు చేయాల్సిన పని ఏమైనా ఉందా? ఉంటేనే రాత్రి మోగనిచ్చాం. లేనిదాన్ని పొద్దున తొమ్మిదింటి మెయిల్లోకి పంపాం. మూడింట రెండొంతులు మెయిల్లోకి పోయాయి. మాకున్నది ఒక కంపెనీ సర్వర్లే. అక్కడున్నది మూడు కోట్ల మంది నిద్ర.

2025 జులై 4 తెల్లవారుజామున అదే టెక్సాస్‌లో గ్వాడలూప్ నది పొంగింది. ఆ రోజు దేశమంతా సెలవు, కెర్ కౌంటీలో నది ఒడ్డున గుడారాల్లో, పిల్లల వేసవి శిబిరాల్లో జనం నిద్రలో ఉన్నారు. వాతావరణ శాఖ రాత్రి 1:14కే ఆకస్మిక వరద హెచ్చరిక ఇచ్చింది. నీళ్ళు ముక్కాలు గంటలో ఇరవై అడుగులకు పైగా లేచాయి. రాష్ట్రంలో 130 మందికి పైగా పోయారు. చిన్న పిల్లలు చాలామంది. ఆ లోయలో చాలా చోట్ల ఫోను సిగ్నలే అందదు. అందిన చోట ఎంతమంది నాలాగా మీటలు ఆపుకుని పడుకున్నారో నాకు తెలీదు. నేనైతే ఆపుకునే ఉన్నాను. ఆ నది మా ఇంటికి చాలా దూరం. కానీ వారాంతాల్లో మన పిల్లలను తీసుకుని మేం వెళ్ళే చోట్లే అవి. ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఇంట్లో ఫోన్లన్నీ దగ్గర పెట్టుకుని మీటలు తిరిగి పచ్చగా మార్చాను.

ఇదంతా విని నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తొంభైకి ముందటి తుఫాను సంగతి ఎత్తాడు. 1989 నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటిన తుఫాను. ఎక్కడో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ దేశాన్ని దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ మా మీదికొచ్చింది. ఆ పగలే ఊళ్ళో దండోరా వేశారట. రేడియో వినేవాళ్ళు విన్నారు, విననివాళ్ళను తప్పెట లేపింది. "ఆ తప్పెట కొట్టినాయన ఊరికే కొట్టేవాడు కాదురా. పొద్దుగూకినాక తప్పెట మోగిందంటే ముసలీ ముతకా కూడా కాళ్ళు దించేవాళ్ళు. మీ అవ్వను మంచంతో సహా బడికి మోసుకుపోయినాం" అన్నాడు. పెంకుటిల్లు పోయింది, గొడ్లు పోయాయి, మా ఇంట్లో మనిషి మాత్రం పోలేదు.

ఇప్పుడొచ్చే మెసేజీల సంగతి అడిగితే, మెచ్చుకున్నాడు కూడా. తెలుగులో వస్తాయి, చదువుకోవచ్చు. కానీ జిల్లా మొత్తానికి ఒకటే మాట. ఉదయగిరి కొండల దగ్గర ఉరిమినా, ఇక్కడ సముద్రపొడ్డున మోగుతుంది. అందుకే ఆయన చూడటం మానేశాడు. నాకది భయం వేసింది. నాయన ఉండేది తీరానికి రెండు మైళ్ళలో.

ఆయనకు ఆయన గుంట చెప్పే హెచ్చరిక వేరే ఉంది. గుంటలో రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటాయి, మావాళ్ళు ఫ్యాన్లంటారు. తెల్లవారుజాము దగ్గరపడేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. మబ్బు పట్టిన రోజు మరీ. ఫ్యాన్లు ఆగితే కాసేపట్లో రొయ్య పైకి తేలుతుంది, ఇంకాసేపాగితే పంట లేదు. నాయన ఆ ఫ్యాన్ల రొదలోనే గాఢంగా నిద్రపోతాడు. కరెంటు పోయి రొద ఆగిపోతే, ఆ నిశ్శబ్దానికి లేస్తాడు. నేనున్న వారంలో రెండుసార్లు చూశాను. నాకు మెలకువొచ్చేసరికే టార్చిలైటు జనరేటర్ షెడ్డు దగ్గర ఉంది.

అప్పుడు నాకు 2023 డిసెంబరు గుర్తొచ్చింది. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన 5వ తేదీ. నాయన ఫోన్ నాకు టెక్సాస్‌లో పొద్దున ఆరింటికొచ్చింది. గట్టు తెగింది, రెండు గుంటల రొయ్య కాలవలో కలిసిపోయింది అని నిదానంగా చెప్పాడు. ఎప్పుడు తెగిందంటే మాట మార్చాడు. అంతకు ముందు అవ్వ పోయినప్పుడు మాత్రం రాత్రి 2:40కి చేసి, "పొద్దున విమానం చూసుకో" అన్నాడు.

"ఆరోజు గట్టు ఎన్నింటికి తెగింది నాయనా?" అని చీకట్లో అడిగాను.

"పగలు పదకొండుకు."

"మరి సాయంత్రం ఐదున్నర దాకా నాకెందుకు చెప్పలా?"

"నీకప్పుడు అర్ధరాత్రి గదరా. లేపి ఏం చేసేది? నువ్వొచ్చి గట్టు కడతావా?" దుప్పటి సర్దుకుంటూ అన్నాడు. "మీ అమ్మను కూడా చెయ్యొద్దన్నా. వాడు లేచి, కాఫీ తాగేదాకా ఉండమన్నా."

బయట నాలుగు చినుకులు రేకుల మీద పడ్డాయి. నాయన తల ఎత్తి ఒక క్షణం విన్నాడు. ఫ్యాన్లు తిరుగుతానే ఉన్నాయి. మళ్ళీ పడుకున్నాడు.