సంచుల గది

ప్రైడ్ వాక్, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులం గౌరవం కోసం కలిసి చేసే నడక, జరిగినప్పుడు వైజాగ్ ఆర్కే బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి వైపు నుంచి జెండాలు పట్టుకుని నడిచేవాళ్ళ ఫోటోలు అందరికీ చేరతాయి. వాటిలో నేను ఉండను. నాది సంచుల గది డ్యూటీ, అడిగి మరీ తీసుకున్నాను.

మా వాక్‌కి వైజాగ్ వాళ్ళతో పాటు శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి వైపు నుంచి కూడా వస్తారు. చాలామంది ప్యాంటూ చొక్కాతో ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగుతారు. చీర సంచిలో ఉంటుంది. ఇంట్లో ఫ్రెండ్ పెళ్ళి అనో, ఇంటర్వ్యూ అనో చెప్పి ఉంటారు. వాళ్ళకి బట్టలు మార్చుకోవడానికి, సంచి దాచుకోవడానికి ఒక చోటు కావాలి. రాత్రి ముఖం కడుక్కుని మళ్ళీ ఆ చొక్కా తొడుక్కునేదాకా ఆ చోటు తెరిచే ఉండాలి. అది లేకపోతే వీళ్ళలో చాలామంది బస్సే ఎక్కరు.

గది దొరకడం మాత్రం కష్టం. ఫోన్లో సరే అన్నవాళ్ళు ఎవరి కోసమో తెలియగానే ఆ రోజు ఖాళీ లేదంటారు. చివరికి ఒక టీచర్ గారు తన ట్యూషన్ సెంటర్ మేడ మీది గది ఇచ్చారు. అద్దె తీసుకోలేదు. "బోర్డు మీద లెక్కలు మాత్రం చెరపకండమ్మా, పిల్లలకి పరీక్ష ఉంది" అన్నారు. ఆ త్రికోణమితి లెక్కల కింద వరసగా కూర్చుని అందరూ కాటుక పెట్టుకున్నారు.

ఆ గదిలో పిన్నీసులు ఎన్ని ఉన్నా చాలవు. మన సముద్రపు ఉక్కకి పౌడరు నిలవదు, అందుకని మాటిమాటికీ అద్దం దగ్గరికి వస్తారు. పొద్దున్నే పూర్ణా మార్కెట్ నుంచి కనకాంబరాలు తెచ్చాం. మజ్జిగ ప్యాకెట్లు, ఓఆర్ఎస్, రాత్రి మేకప్ తుడుచుకోవడానికి కొబ్బరి నూనె, దూది కూడా ఉంచాం. బస్సులో నలిగిన చీరల కోసం ఇస్త్రీ పెట్టె ఒకటి ఎవరో తెచ్చారు, అది ఆ రోజంతా చల్లారలేదు.

జెండాలు మా అమ్మ కుట్టింది. ప్రైడ్ గుర్తైన ఆరు రంగుల జెండా, పుట్టినప్పుడు రాసిన జెండర్ తమది కాదనే ట్రాన్స్ వాళ్ళ జెండా, రెండూ. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ చేసిన మొదటి జెండాలో ఎనిమిది రంగులుండేవని చెబితే, "ఆరే నయం, కుట్లు తగ్గాయి" అంది. ట్రాన్స్ జెండా ఆమెకి బాగా నచ్చింది. రెండు చివరలా లేత నీలం, లోపల గులాబీ, మధ్యలో తెలుపు కాబట్టి ఎటు తిప్పి పట్టుకున్నా తలకిందులు కాదు. నా సంగతి అమ్మకి తెలుసు, నాన్నకి తెలియదు. మిషన్ మీద అన్ని రంగుల గుడ్డ ఎందుకని నాన్న అడిగితే స్కూల్ ఫంక్షన్‌కి అని చెప్పింది.

సంచులకి టోకెన్ ఇస్తాం, పుస్తకంలో పేరు రాస్తాం. ఆధార్ అడగం. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దక్క తన టోకెన్ తీసుకుని, "ఏ పేరు రాసేవమ్మా?" అని పుస్తకంలోకి తొంగి చూసింది. ఆమె చెప్పిన పేరే ఉంది. ఆధార్‌లో ఇంకా పాత పేరేనట. పక్కనే మా కుర్రాడు ల్యాప్‌టాప్ పెట్టుకుని ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు దరఖాస్తులు నింపుతున్నాడు. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం ప్రకారం ఆ సర్టిఫికెట్ కలెక్టర్ ఇస్తారు. ఎవరి జెండర్ ఏమిటో వాళ్ళే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15నే అంది. ఆమె ఆ కార్డు కోసం ఇప్పుడు కూర్చుంది.

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది పసుపు రిబ్బన్ గురించి. అది కట్టుకున్నవాళ్ళ ముఖం మా ఫోటోల్లో రాకూడదు. విలేకరులకి ముందే చెబుతాం, మాట మన్నిస్తారు. బీచ్‌కి వచ్చినవాళ్ళ ఫోన్లని మాత్రం ఎవరూ ఆపలేరు, అందుకే మాస్కులు కూడా ఇస్తాం. ధైర్యం ఉంటే ముఖం చూపించాలి అని మనలోనే కొందరంటారు. నేను ఒప్పుకోను. పరస్పర ఇష్టంతో కలిసిన ఒకే జెండర్ పెద్దవాళ్ళది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పాక పోలీసు కేసు భయం తగ్గింది, నిజమే. కానీ ఇల్లు ఖాళీ చేయమనే ఓనర్‌కి ఆ తీర్పుతో పనేముంది? గాజువాక నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు అక్కాచెల్లెళ్ళమని చెప్పి ఒక పోర్షన్‌లో ఉంటున్నారు. 2023 అక్టోబరు 17న మనలాంటి జంటల పెళ్ళి హక్కు విషయంలో సుప్రీంకోర్టు కాదన్న రోజు అన్నం తినలేదని చెప్పారు. ఇద్దరూ రిబ్బన్లు కట్టుకుని, మాస్కులు వేసుకుని, బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దాకా చేతులు పట్టుకుని నడిచారు. వాళ్ళకి ధైర్యం లేదని ఎవరనగలరు?

వాక్ అయిపోయాక గదిలో అసలు హడావిడి. చివరి బస్సుల టెన్షన్. గోళ్ళ రంగు తీసే మందు అయిపోయింది, ఒక కుర్రాడి చేతులు వణుకుతున్నాయి. మెడికల్ షాపులన్నీ తిరిగి మా వాలంటీర్ ఒకడు తెచ్చాడు. ఒంటరిగా ఎవరినీ పంపం, కాంప్లెక్స్ దాకా ఆటోలో ఒకరం తోడు వెళ్తాం. ఇల్లు చేరాక ఒక్క మెసేజ్ పెట్టమంటాం. అందరి మెసేజ్‌లూ వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

వచ్చే వాక్‌కి కింది అంతస్తులో గది కావాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఆ మెట్లెక్కలేక బాగా ఇబ్బంది పడ్డారు. నిలువుటద్దం ఒకటి, వీలైతే రెండు ఫ్యాన్లు కావాలి. ఇచ్చేవాళ్ళుంటే ముందు నెలలోనే చెప్పండి. గోళ్ళ రంగు తీసే మందు ఈసారి నేనే కొంటాను.