సార్ రాసిన కన్వర్టర్‌ను ఎలా కాపాడుకున్నామంటే

విశాఖ డాబాగార్డెన్స్‌లో నేను డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని) చేసిన రోజుల్లో తెలుగంతా అనూ ఫాంట్లలోనే కొట్టేవాళ్లం. ఆ ఫైళ్లను ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు, అర్థంలేని గుర్తులు వరసగా వస్తాయి. వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్‌ను మాకు కంప్యూటర్ నేర్పిన సార్ 2009లో రాసి, సోర్స్ కోడ్‌తో సహా నెట్‌లో పెట్టారు. ఏ ఒత్తు ఎక్కడ తప్పుతోందో, ఏ గుణింతం ఏ అక్షరానికి అంటుకోవాలో చూసుకుంటూ ఏళ్ల తరబడి సరిచేశారు. ఆ మార్పుల చరిత్ర నాకు ప్రోగ్రామ్ కంటే విలువైనది. ప్రతి మార్పు వెనకా ఎవరిదో ఒక పాడైపోయిన పేజీ ఉంది.

కోడ్ ఉంచిన సైటును నెల రోజుల్లో మూసేస్తున్నామని ఈమెయిల్ వచ్చింది. సార్ చూసుకోలేదు. నేనే ఫోన్ చేసి చెప్పాను.

కోడ్ దాచుకునే సైట్లలో ఇలాంటివి ఇంతకు ముందూ జరిగాయి. గిటోరియస్ 2015లో, గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడ్డాయి. బిట్‌బకెట్ 2020లో మెర్క్యూరియల్ అనే పద్ధతిలో ఉంచిన రిపాజిటరీలను (కోడ్, దాని మార్పుల చరిత్ర కలిసి ఉండే చోట్లను) తీసేసింది. అందుకే నాకు టెన్షన్ పట్టుకుంది.

"సార్, కాపీలు తీసి వేరే చోట్ల పెడతాను. మీరు ఒప్పుకోవాలి."

"అందరూ చూసేలాగే పెట్టానుగా, మళ్లీ నన్ను అడగడం ఎందుకురా?"

"చూడనివ్వడం వేరు సార్, పంచుకునే హక్కు ఇవ్వడం వేరు. అందులో లైసెన్స్ ఫైలే లేదు."

ఆ సాయంత్రమే ఆయన, కోడ్‌ను ఎవరైనా వాడుకుని పంచుకోవచ్చని చెప్పే జీపీఎల్ లైసెన్స్ పెట్టారు. మార్పులు పంపిన మరో ఇద్దరికి ఉత్తరాలు రాసి వాళ్ల అంగీకారమూ తీసుకున్నారు. దీనికే వారం పోయింది. అయినా ముందు చేయాల్సిన పని ఇదే.

మార్పుల చరిత్రను దాచే గిట్ అనే ప్రోగ్రామ్‌లో, కాపీ తీసే క్లోన్ ఆదేశానికి మిర్రర్ ఆప్షన్ కలిపితే బ్రాంచీలు (కోడ్‌లో విడివిడిగా సాగే పాయలు), ట్యాగులు (వెర్షన్లకు పెట్టే పేర్లు), చరిత్ర అన్నీ వస్తాయి. రెండు నిమిషాల పని. కానీ సైటులో జనం రాసిన బగ్ రిపోర్టులు, డౌన్‌లోడ్ల పేజీలో పెట్టిన జిప్ ఫైళ్లు అందులో రావు, ఎందుకంటే అవి రిపాజిటరీలో భాగం కావు. "లక్ష్మి అని కొడితే క్ష్మి విడిపోతోంది" లాంటి రిపోర్టులన్నీ రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటే సేవ్ చేశాను.

తర్వాత తప్పు చేశాను. అలా తీసిన కాపీ, అంటే మిర్రర్, రోజూ రాత్రి తనంతట తానే అప్‌డేట్ అయ్యేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్‌లో) పెట్టి, దానికి ప్రూన్ ఆప్షన్ కూడా కలిపాను. అక్కడ లేని బ్రాంచిని ఇక్కడా తీసేయమని దాని అర్థం. కాపీ అయిపోయిందనుకుని సార్ సైటులో పాత బ్రాంచీలు కొన్ని తీసేశారు. తెల్లారేసరికి నా మిర్రర్‌లోనూ లేవు. అందులో ఒకటి పాత ఫాంటు పట్టిక మొత్తం ఉన్న బ్రాంచి.

2013 మార్చిలో కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఇంతకంటే పెద్ద గండం వచ్చింది. అసలు సర్వర్‌లో ఫైల్ సిస్టమ్ పాడైతే, మిర్రర్లు ఆ నష్టాన్నే సింక్ చేసుకున్నాయి. దాదాపు 1500 రిపాజిటరీలు పోవాల్సింది, సింక్ కాకుండా మిగిలిన ఒక్క సర్వర్ వల్ల దక్కాయి. మిర్రర్ ఉందని బ్యాకప్ మానేయకూడదని నా మిర్రర్‌లో బ్రాంచీలు పోయాకే నాకు నిజంగా అర్థమైంది.

నన్ను కాపాడింది పెన్‌డ్రైవ్. రిపాజిటరీ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టే బండిల్ అనేది గిట్‌లో ఉంది. రెండు రోజుల ముందే ఒకటి తీసి పెట్టాను. ఆ అలవాటు హుద్‌హుద్ తుపాను నేర్పింది. 2014 అక్టోబర్ 12న సీతమ్మధారలో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, వాన నీళ్లలో హార్డ్ డిస్క్, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్క్ రెండూ పోయాయి. అప్పటినుంచి ఒక కాపీ ఊరు దాటించకుండా ఉండను. ఈసారి రెండో బండిల్ అనంతపురంలో మా బావగారింటికి వెళ్లింది. దాన్ని ఏదీ తనంతట తాను అప్‌డేట్ చేయదు.

పోయిన బ్రాంచీలను బండిల్ నుంచి తిరిగి సైటులోకి ఎక్కించాక సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌కు వెళ్లాను. ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ 2016లో మొదలుపెట్టిన సోర్స్ కోడ్ భాండాగారం అది. యునెస్కో తోడ్పాటు ఉంది. అక్కడ సేవ్ కోడ్ నౌ అనే పేజీలో రిపాజిటరీ చిరునామా ఇస్తే, వాళ్లే వచ్చి చరిత్రతో సహా తీసుకుంటారు. విశాఖలో కూర్చున్న ఇద్దరు మనుషుల చిన్న ప్రోగ్రామ్‌కు కూడా అక్కడ చోటుంటుందంటే నాకు గొప్ప ధైర్యం వచ్చింది.

ప్రతి కమిట్‌కూ (గిట్‌లో నమోదైన ఒక్కో మార్పుకూ) అక్కడ ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. అది ఎవరో కేటాయించేది కాదు, లోపలున్న విషయం నుంచే లెక్కగట్టేది. గిట్ కమిట్‌కైతే చివరి 40 అక్షరాలు గిట్ కూడా అలాగే లెక్కగట్టే హాష్ అనే సంఖ్యతో సరిగ్గా కలవాలి. సైటు మూతపడటానికి నాలుగు రోజుల ముందు, సార్ తన కంప్యూటర్‌లో చివరి కమిట్ తెరిచి ఫోన్‌లో ఒక్కో అక్షరం చదువుతుంటే నేను ఆర్కైవ్ పేజీలో చూసుకుంటూ వచ్చాను. నలభయ్యోది కూడా కలిసింది.

"సరే, ఆ క్ష్మి తప్పు ఇంకా అలాగే ఉంది కదరా. రేపు పొద్దున్నే రా, చూద్దాం" అన్నారు సార్.