బుగ్గ మీద పెన్సిల్ గీతలు

పోయిన నెలలో మామిడికుదురు నుంచి ఓ కుర్రాడు వచ్చాడు. ఒక చేతిలో పాత ఫోటో ఫ్రేము, ఇంకో చేతిలో రంగు మారిపోయిన కాగితం కవరు. కవరు మీద మా స్టూడియో రబ్బరు స్టాంపు, ఒక నంబరు, కింద 1969 అని నాన్నగారి చేతిరాత.

"మా మామ్మ ఫోటో అండి. పెళ్లికి ముందు తీయించిందంట. ప్రింటు అద్దానికి అతుక్కుపోయింది, లాగితే ఊడొచ్చేలా ఉంది. నెగెటివ్ ఉంది కదా, పెద్దది చేయించి గోడకి పెడదామని" అన్నాడు.

నేను అమలాపురంలో మా ఇంటి మేడ మీద గదిలో ఫిల్మ్ స్కానింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా 35 ఎంఎం కలర్ నెగెటివ్‌లే, ఎనభైలు తొంభైల నాటి పెళ్లిళ్లవి. వాటికి నికాన్ కూల్‌స్కాన్ 5000 అనే ఫిల్మ్ స్కానర్ ఉంది. 4000 డీపీఐలో, అంటే అంగుళానికి 4000 చుక్కల చొప్పున చేస్తే ఒక్కో ఫ్రేముకి రెండు కోట్ల పిక్సెళ్ల పైన వస్తాయి. ఆ పని చేతికి అలవాటైపోయింది. క్వార్టర్ ప్లేట్ అలా కాదు. మూడుంపావు అంగుళాలకి నాలుగుంపావు అంగుళాలుండే షీటు ఫిల్మ్ అది. కూల్‌స్కాన్‌లో పట్టదు, ఫ్లాట్‌బెడ్ మీద, అంటే కాగితాల్లా అద్దం మీద పరిచి చేసే స్కానర్ మీద చెయ్యాలి. పైగా అది నాన్నగారు తీసిన నెగెటివ్. అలాంటివి మా దగ్గరే చాలా తక్కువ మిగిలాయి.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి స్టూడియో పైకప్పు రేకులు లేచిపోయాయి. అప్పుడు నేను ఏడో తరగతి. మర్నాడు వెళ్లి చూస్తే డార్క్ రూములో మోకాలి లోతు నీళ్లు, అందులో నెగెటివ్ పెట్టెలు. కరెంటు లేదు, ఫ్యాను లేదు, వాన పూర్తిగా తెరిపివ్వలేదు. ఫిల్మ్ మీద పూతలో ఉండే జెలటిన్ నీళ్లలో నానితే మెత్తబడి పక్కదానికి అంటుకుంటుంది, అలాగే ఆరిపోతే ఇక విడదు. పెట్టెలకు పెట్టెలు ఇటుకల్లా గట్టిపడిపోయాయి. పై అరల్లో ఉన్నవి బతికాయి. వాటిలో ఎవరివో గుర్తుపట్టినవన్నీ నాన్నగారు ఎవరివి వాళ్లకి ఇచ్చేశారు. "నా దగ్గరుంటే మళ్లీ తడుస్తాయి" అన్నారు. ఈ కుర్రాడు తెచ్చింది అలా ఇచ్చిన వాటిలో ఒకటి.

ముందు వాసన చూశాను. అసిటేట్ ఫిల్మ్ పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వేస్తుంది. మన కోనసీమ ఉక్కకీ చెమ్మకీ అది ఇంకా త్వరగా పాడవుతుంది. దీనికి ఆ వాసన లేదు. ఓ మూల సాలెగూడులా కొంచెం బూజు ఉంది, మొహం దాకా రాలేదు. బ్లోయరుతో దుమ్ము ఊదాను, అంతే. గుడ్డ తగలనివ్వలేదు. ఎందుకో అప్పటికి స్పష్టంగా తెలియదు. ఎమల్షన్ వైపు, అంటే బొమ్మ ఉండే పూత వైపు ఏటవాలుగా చూస్తే బుగ్గల దగ్గర మెరుపు వేరుగా కనిపించింది, అందుకని చెయ్యి ఆగింది.

ఈ సైజు ఫిల్మ్‌ని పట్టి ఉంచే హోల్డర్ నా దగ్గర లేదు. అద్దం మీద నేరుగా పెడితే నూనె చుక్క పడినట్టు రంగుల వలయాలొస్తాయి, న్యూటన్ రింగులు. మౌంట్ బోర్డు కోసి నేనే ఫ్రేము చేసుకున్నాను. అద్దానికి ఎంత ఎత్తులో ఉంటే బాగా ఫోకస్ అవుతుందో చూడ్డానికి రెండున్నర, మూడు, మూడున్నర మిల్లీమీటర్ల దగ్గర మూడుసార్లు చేసి, మూడుకి ఖాయం చేశాను. రిజల్యూషన్ 2400. నా ఫ్లాట్‌బెడ్ పెట్టె మీద అంతకు రెట్టింపు పైనే రాసి ఉంటుంది కానీ, పరీక్షగా చూస్తే ఆపైన కొత్త వివరమేమీ రావడం లేదు, ఫైలు బరువు పెరగడమే. 2400కే ఎనిమిది కోట్ల పిక్సెళ్లు వచ్చాయి. దుమ్ము చెరిపే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఆపేశాను. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములోని వెండి ఆ కిరణాల్ని అడ్డుకుంటుంది, మొహాన్నే దుమ్మనుకుని చెరిపేస్తుంది.

ఫైలు పెద్దది చేసి చూపించగానే కుర్రాడి మొహం మాడిపోయింది. "ఎవరో గీకేశారండి. మొహమంతా గీతలే."

రెండు బుగ్గల మీదా, నుదుటి మీదా, గడ్డం కిందా చిన్న చిన్న తెల్లటి గీతలు. కామా గుర్తుల్లా, ఒక్కోటి వెంట్రుక మందం. నేనూ ఒక్క క్షణం గీకుడే అనుకున్నాను. కానీ ఎమల్షన్ గీసుకుపోతే అక్కడ వెండి పోతుంది, ఫోటోలో నల్లగా రావాలి. ఇవి తెల్లగా ఉన్నాయి. అంటే అక్కడ ఏదో పోలేదు, వచ్చి చేరింది. నెగెటివ్ తీసి టేబుల్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, మాక్రో లెన్సుతో ఓ ఫోటో తీశాను. నల్లటి ఎమల్షన్ మీద గీతలన్నీ పాదరసంలా మెరిశాయి. పెన్సిల్. నాన్నగారి టచింగ్, నెగెటివ్ మీదే మచ్చలు దిద్దే పని.

వాలుగా ఉండే ఆ టచింగ్ బల్ల ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మధ్యలో గరుకు అద్దం, కింద వెలుతురు పట్టడానికి మామూలు అద్దం. నెగెటివ్ మీద దూదితో 'మీడియం' అనే పల్చటి వార్నీషు పులిమేవారు, అది లేకపోతే జెలటిన్ మీద పెన్సిల్ జారిపోతుంది. గట్టి పెన్సిల్ ముల్లుని అంగుళం పొడుగున బయటికి తీసి గరుకు కాగితం మీద సూదిలా అరగదీసేవారు. ఆ ముల్లు ముట్టుకుని విరగ్గొట్టి చిన్నప్పుడు దెబ్బలు కూడా తిన్నాను.

నాన్నగారికి ఎనభై రెండు. శుక్లాల ఆపరేషన్ అయ్యింది, చూపు బాగానే ఉంది. సాయంత్రం పైకి పిలిచి స్క్రీన్ మీద చూపించాను. సంతోషిస్తారనుకున్నాను.

"అంత దగ్గరికి ఎందుకు తెచ్చావమ్మా? అది కాంటాక్టు ప్రింటుకి చేసింది" అన్నారు.

నిజమే. ఆ రోజుల్లో మా స్టూడియోలో ఇలాంటి ఫోటోలకి నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే. ఆ సైజులో ఒక్క గీతా కంటికి ఆనదు. మొహం సాఫీగా కనిపిస్తుంది, అంతే. కాసేపు చూశాక ఆయనకి అమ్మాయి గుర్తొచ్చింది. "అమ్మవారు పోసిన పిల్ల" అన్నారు.

మశూచి మచ్చలు. 1977లో మన దేశంలో మశూచి పోయిందని ప్రకటించారు. అంతకు ముందు ఊరూరా ఆ మచ్చలున్న మొహాలుండేవి. పెళ్లికొడుకు వాళ్లకి పంపే ఫోటో అంటే ఆడపిల్ల తండ్రి స్టూడియోలో చెప్పే మొదటి మాట అదేనట: "కొంచెం మచ్చలు చూసుకోండి."

"గుంట నింపకూడదు. గుంటకి ఒక పక్కే నీడ ఉంటుంది. ఆ నీడ నెగెటివ్‌లో పల్చగా ఉంటుంది కదా, దాని మీద ఒక్క గీత. గుంటంతా నింపితే మొహం పిండిముద్దయిపోద్ది" అన్నారు. నేను స్క్రీన్ మీద ఒక్కో కామానీ చూసుకుంటూ పోయాను. వెలుతురు ఎడమ నుంచి పడింది, ప్రతి గీతా గుంటకి ఎడమ అంచునే ఉంది. గుంటలో నీడ నిలిచేది వెలుతురు వచ్చే పక్క అంచునే మరి. వందకు పైగా గీతల్లో ఒక్కటి దారి తప్పలేదు.

కుడి కనుబొమ్మ పైన మాత్రం రెండు మచ్చలు ముట్టుకోకుండా ఉన్నాయి. మర్చిపోయారా అని అడిగాను.

"కావాలనే ఉంచాను. అన్నీ తీసేస్తే, రేపు పెళ్లిచూపుల్లో వాళ్లు ఫోటో చూసి, పిల్లని చూసి, మోసం చేశారంటారు. మాట పడేది ఆ పిల్లే."

ఈ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్లయింది. అందులో ఎనిమిదేళ్లు హైదరాబాదులో చేశాను. పదును, డీపీఐ, డైనమిక్ రేంజి, వీటి గురించి చాలా చదివాను. ఈ మాట ఎవరూ చెప్పలేదు.

అంతలో కుర్రాడు ఓ ఫోన్ యాప్‌లో ఆ ఫైలు వేసి పంపాడు, "ఇలా క్లీన్‌గా వస్తుందా అక్కా" అని. గీతలు పోయాయి. మచ్చలూ పోయాయి, కనుబొమ్మ మీద నాన్నగారు ఉంచిన రెండూ ముందే పోయాయి. లేని కనురెప్ప వెంట్రుకలు మొలిచాయి, ముక్కుపుడక రాయి నున్నటి చుక్కగా మారింది. ఆ అమ్మాయెవరో నాకు తెలియదు, వాళ్ల మామ్మ మాత్రం కాదు. అతనికి అదే చెప్పాను. ఇలాంటి యాప్ ఫోటోలు దండలు వేసుకుని గోడల మీద వేలాడుతుంటే నాకు బాధగా ఉంటుంది. పోయినవాళ్ల మొహం ఇంట్లో వాళ్ల కళ్ల ముందే మారిపోతోంది.

డ్రమ్ స్కాన్ చేయిద్దామా అని కూడా అనుకున్నాను. అందులో ఫిల్మ్‌ని గుండ్రటి డ్రమ్‌కి చుట్టి తిప్పుతారు. వెలుతుర్ని పట్టే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు ఉంటుంది, ఫిల్మ్ దట్టంగా నల్లబడిన చోట ఫ్లాట్‌బెడ్‌కి అందనివి పట్టుకుంటుంది. ఓ పెద్ద ఊళ్లో ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "ద్రవంలో మౌంట్ చేస్తాం, గీతలన్నీ మాయమైపోతాయి" అని భరోసా ఇచ్చారు. మామూలు నెగెటివ్‌కి అది మంచి మాటే. ద్రవం గీతల్ని పూడ్చేస్తుంది. కానీ దీని మీద ఉన్నది టర్పెంటైన్‌కి కరిగే వార్నీషు, దాని మీద పెన్సిల్. ద్రవంతో పాటు నాన్నగారి పని కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. వద్దన్నాను.

ఇంకో చిక్కు మిగిలింది. ఫ్రేములో అద్దానికి అతుక్కున్న పాత ప్రింటులో మెడ తెల్లగా, వెలుతురుగా ఉంది. నా స్కాన్‌లో మెడ నీడలో పడి నల్లగా వస్తోంది. నెగెటివ్ ఒకటే, ప్రింటుకి ఒకలా స్కాన్‌కి ఇంకోలా ఎందుకొస్తుంది? సాఫ్ట్‌వేర్‌లో వెలుగునీడలు సవరించే కర్వ్‌లతో రెండు రోజులు కుస్తీ పట్టాను. మూడో రోజు నెగెటివ్‌ని తెల్ల కాగితం మీద తిరగేసి పెడితే కనిపించింది. వెనక వైపు, మెడ దగ్గర, పల్చటి గులాబీ రంగు పూత. నాన్నగారు కుంచెతో వేసిన ఎర్ర రంగు.

ఆనాటి బ్రోమైడ్ పేపరుకి నీలి వెలుతురు మాత్రమే కనిపిస్తుంది, ఎరుపు కనిపించదు. అందుకే డార్క్ రూములో ఎర్ర బల్బు వేసుకునేవారు. ఎర్ర పూత నీలి వెలుతుర్ని ఆపుతుంది కాబట్టి పేపరుకి అది దట్టమైన నెగెటివ్‌లాగే ఉంటుంది, ఫోటోలో మెడ తెల్లబడుతుంది. నా స్కానరుకి మూడు రంగులూ కనిపిస్తాయి. గ్రేస్కేల్‌లో, అంటే రంగుల్లేకుండా చేసేసరికి పూతలోంచి వచ్చిన ఎర్ర వెలుతురు కూడా కలిసిపోయి, పూత దాదాపు లేనట్టే అయ్యింది. మళ్లీ 48 బిట్ కలర్‌లో చేసి నీలం ఛానెల్, అంటే నీలి వెలుతురు పట్టిన భాగం ఒక్కటే తీసుకున్నాను. ఫైలు అరగిగాబైటు దాకా వచ్చింది. మెడ అచ్చం పాత ప్రింటులో ఉన్నట్టే తేలింది.

అప్పటి స్టూడియో నెగెటివ్‌లు స్కాన్ చేసేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి కలర్‌లో చేసి చూడండి. నాకు తెలియకుండానే ఇంతకు ముందు ఎన్నింటిలో ఎవరి పూతని పోగొట్టానో.

పదహారు ఇరవై అంగుళాల సైజు ప్రింటు కోసం పెన్సిల్ గీతల్ని చెరపలేదు. ఒక్కో గీత అంచునీ పక్కనున్న చర్మంలోకి కలిపాను, చేత్తోనే, పదకొండు గంటలు పట్టింది. కనుబొమ్మ పైన రెండూ ఉన్నాయి. మామ్మగారికి వేరే ఒకటి తీశాను, మూడుంపావుకి నాలుగుంపావు, మ్యాట్ పేపరు మీద, గీతలు ముట్టుకోకుండా. నాన్నగారు అన్నట్టే ఆ సైజులో ఏమీ కనిపించలేదు. రెండూ తీసుకెళ్లిన రాత్రి ఆవిడే ఫోన్ చేశారు.

"చిన్నదే బాగుందమ్మా. మా ఆయన జేబులో పెట్టుకు తిరిగింది ఇంతే ఉండేది. నాన్నగారు ఎలా ఉన్నారు?"

నెగెటివ్ వాళ్లు నా దగ్గరే ఉంచమన్నారు. బటర్ పేపర్‌లో చుట్టి, కొత్త కవరులో పెట్టి, చెమ్మ తీసే మెషీన్ ఉన్న బీరువాలో పాత నంబరుతోనే సర్దాను. కవరు మీద రాశాను: "టచింగ్ ఉంది, రెండు వైపులా. తుడవొద్దు, తడపొద్దు. కలర్‌లో స్కాన్ చెయ్యాలి."