కరెన్సీకి ఇంటిపేరు తీసేశాక పాసైన బిల్లు

నిన్న సాయంత్రం బిల్లు యాక్సెప్ట్ అయిందని మెయిల్ వచ్చింది. పదకొండు రోజుల టెన్షన్ తీరింది. మర్చిపోకముందే రాసిపెడుతున్నాను.

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే యూనిట్‌లో నేను అకౌంట్స్ చూస్తాను. రోజూ ఒంగోలు నుంచి బస్సులో వెళ్లొస్తాను. బెల్జియం పార్టీ ఇక మీదట పీడీఎఫ్ వద్దు, కంప్యూటర్ నేరుగా చదివే బిల్లు ఫార్మాట్ యూబీఎల్ 2.1 ఎక్స్‌ఎంఎల్‌లో బిల్లులు పంపమన్నారు. ఫైల్ ఎలా ఉండాలో చెప్పే స్కీమా ఫైళ్లు, ఆ ఫార్మాట్ తయారుచేసిన ఒయాసిస్ సంస్థ సైట్‌లో ఉచితంగానే దొరికాయి. మన బిల్లులో ఏది అందులో ఎక్కడికి వెళ్లాలో రెండు రోజుల్లో సరిచూసుకున్నాను. చదరపు మీటరు కోడ్ ఎంటీకే అని కనుక్కోవడానికి ఒక పూట పట్టింది, అంతే.

అసలు నరకం కరెన్సీ దగ్గర మొదలైంది. ఎక్స్ఎంఎల్‌లో ఒక్కో వివరానికి పెట్టే పేరే ట్యాగ్. డబ్బు రాసే ప్రతి ట్యాగ్‌కూ ముందు సీబీసీ అనే ప్రిఫిక్స్ (పేరు ముందు అతికించే గుర్తు) ఉంటుంది. అదే ట్యాగ్‌లో కరెన్సీఐడీ అనే యాట్రిబ్యూట్ (ట్యాగ్ లోపలే రాసే అదనపు వివరం) పెట్టి యూరో అని చెప్పాలి. మా ఓనర్ గారు మాట్లాడిపెట్టిన కన్సల్టెంట్ "ట్యాగ్‌కున్న ప్రిఫిక్స్ యాట్రిబ్యూట్‌కూ పెట్టండి మేడమ్, లేకపోతే అది ఏ నేమ్‌స్పేస్‌దో తెలియదు" అన్నాడు. నేమ్‌స్పేస్ అంటే ఒక చోటి పేర్లు ఇంకో చోటి పేర్లతో కలిసిపోకుండా చేసిన పేర్ల గుంపు. నమ్మి పెట్టాను. ఫైల్‌ను స్కీమాతో సరిచూసే వాలిడేటర్ ఒక్కో మొత్తానికి రెండేసి తప్పులు చూపించింది. సీబీసీ కరెన్సీఐడీ ఇక్కడ ఉండకూడదని ఒకటి, కరెన్సీఐడీ తప్పనిసరి, అది లేదని ఇంకొకటి. కళ్ల ముందున్న దాన్నే వద్దంటుంది, దాన్నే లేదంటుంది! ఫోన్ చేస్తే "మీ వాలిడేటర్ పాతది, పంపేయండి" అన్నాడు. పంపాం. తిరస్కరణ నేరుగా ఓనర్ గారికే వచ్చింది. ఆయన పాలిషింగ్ షెడ్డులో, పనివాళ్లందరూ వింటుండగా "ఇంత చిన్న పని రాకపోతే ఎలాగమ్మా?" అన్నారు. ఆ రోజు ఒంగోలు దాకా కిటికీలోంచి తల తిప్పలేదు.

ఆ రాత్రే, వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూత్రీసీ వాళ్ల నేమ్‌స్పేస్ స్పెసిఫికేషన్ తెరిచాను. 1999 నుంచీ ఉన్న నియమమే. ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్ ఏ నేమ్‌స్పేస్‌లోనూ ఉండదు. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ పెట్టినా అది ట్యాగ్‌లకే అంటుతుంది, యాట్రిబ్యూట్‌లకు అంటదు. ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్‌కు అర్థం అది ఉన్న ట్యాగ్‌ను బట్టే.

నాకు అర్థమైంది ఇలా. ప్రిఫిక్స్ అంటే ఇంటిపేరు లాంటిది. మా ఫ్యాక్టరీలో శ్రీనులు ముగ్గురు, ఇంటిపేరు చెప్పకపోతే ఎవరో తెలియదు. కానీ ఇంట్లో వాళ్లమ్మ ఇంటిపేరు పెట్టి పిలవదు కదా. కరెన్సీఐడీ అలా ఇంట్లో పిల్లాడు. భాషను చెప్పే ఎక్స్‌ఎంఎల్ లాంగ్ లాంటిది ఎవరింటికైనా వెళ్లే యాట్రిబ్యూట్, అందుకే దానికి ఇంటిపేరు ఉంది. ఈ పద్ధతి పెట్టినవాళ్లు బాగా ఆలోచించే పెట్టారు.

సీబీసీ కరెన్సీఐడీ అని ఉన్నచోటల్లా సీబీసీ తీసేశాను. పరిమాణం దగ్గర యూనిట్‌కోడ్‌కు కూడా తీశాను. తప్పుల లిస్టు ఖాళీ అయింది.

ఈ పని నెత్తిన పడ్డవాళ్లు ఐడీలో రెండక్షరాలూ క్యాపిటల్‌లోనే రాయండి, చిన్న డీ పెడితే వేరే పేరు కిందే లెక్క. "పంపేయండి" అనే కన్సల్టెంట్‌కు ముందే డబ్బులివ్వకండి. మావాడు ఫీజు తిరిగివ్వలేదు, ఫోనూ ఎత్తడం లేదు.

మెయిల్ చూసి ఓనర్ గారు నా సీటు దగ్గరికే వచ్చి "ఎక్కడమ్మా తప్పు?" అని అడిగారు. స్క్రీన్ మీద ఆ వరుస చూపించాను. మిగిలిన తొమ్మిది బిల్లులూ ఈ పొద్దున్నే వెళ్లిపోయాయి.