కొత్త తారు, కింద గుల్ల

విశాఖ మధురవాడ సందులో ఇవాళ పొద్దున్నే ఇసుక లారీ వెనక చక్రం ఇరుసు దాకా దిగబడిపోయింది. సరిగ్గా యూజీడీ (భూగర్భ మురుగు) పైపు వేసి పూడ్చిన చోటే. పైన తారు ఇంకా నిగనిగలాడుతోంది పాపం.

తప్పు తారుది కాదు, కింద మట్టిది. పైపు మీద ముందు 30 సెంటీమీటర్ల దాకా రాళ్లు లేని మెత్తటి మట్టి పడాలి. ఆపైన 15-20 సెంటీమీటర్లకో పొర, ప్రతి పొరకీ నీళ్లు తడిపి దిమ్మిస కొట్టాలి. జేసీబీతో మొత్తం ఒకేసారి గుమ్మరించి, పైన బకెట్‌తో నాలుగు తట్లు తడితే సరా? మొదటి వానకే కుంగుతుంది. మన కొండవాలు వీధుల్లో అయితే మరీను, వాన నీరు ఆ గొయ్యి వెంటే పారి మట్టిని లాక్కుపోతుంది. పక్కన మేన్‌హోల్ మాత్రం కదలదు, బండి ఎగిరిపడేది అక్కడే.

రోడ్డు పని జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కౌన్సిల్ అజెండాకొస్తే మీ కార్పొరేటర్‌తో ఈ రెండూ అడిగించండి: పూడ్చిన మట్టికి కంపాక్షన్ టెస్ట్ (ఎంత గట్టిగా దిమ్మిస పడిందో చూసే పరీక్ష) చేయించారా? డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటిదాకా?

ఆ గడువులోపు కుంగితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో వెయ్యాలి. గడువు దాటి, కాంట్రాక్టర్ కట్టిన డిపాజిట్ వెనక్కిచ్చేశాక అడిగితే మళ్లీ ఎస్టిమేట్, మళ్లీ టెండర్, మళ్లీ మన పన్ను డబ్బులే.