ఉప్పుగాలి తిన్న ఛాసిస్ నంబరు: పదిహేనేళ్ల కారు రెన్యువల్‌లో నా అనుభవం

నా మారుతి 800 ఆర్సీ మొత్తానికి రెన్యువల్ అయింది. ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. విశాఖలో పాత బండి పెట్టుకున్న ప్రతివాడికీ ఈ గండం ఉంది మరి.

కాగితాల పని సుళువే. ఫారం 25, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, గ్రీన్ ట్యాక్స్ రసీదు. గడువుకి 60 రోజుల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. కారుకి ఫీజు 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటిన కారైతే 2025 ఆగస్టు నుంచి 10,000. గడువు దాటిపోతే నెలకి 500 చొప్పున వడ్డింపు. పొల్యూషన్ టెస్టుకి మాత్రం ఇంజిన్ బాగా వేడెక్కాకే వెళ్లండి. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చల్లగా ఉంటే పనిచేయదు, మంచి బండి కూడా తప్పుతుంది.

తర్వాత బండి ఒంటి మీది నగలు విప్పడం. బుల్ బార్‌ని 2017 చివర్లోనే కేంద్రం వద్దంది, తీసి పక్కన పెట్టండి. సన్ ఫిల్మ్ పీకేయండి. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు, బజార్లో వేసే నల్ల ఫిల్మ్ ఏదీ దానికి ఆగదు. 13 అంగుళాల అల్లాయ్‌లు వేసుకున్నవాళ్లు కంపెనీవాడిచ్చిన 12 అంగుళాల చక్రాలు తిరిగి ఎక్కించుకోవాలి. హెడ్‌లైట్లలో 100/90 వాట్ల బల్బులుంటే 60/55 పెట్టండి. రూలు కోసమే కాదు, 100 వాట్ల బల్బులు రెండు కలిసి 16 ఆంపియర్లకి పైగా లాగుతాయి. రిలే (పెద్ద కరెంటుని స్విచ్ మీద పడకుండా వేరే దారిలో పంపేది) లేకుండా స్విచ్ మీదుగా అంత కరెంటు పోతే ముందు హోల్డర్ కరుగుతుంది, తర్వాత స్విచ్ మాడుతుంది. భీమిలి రోడ్డులో రాత్రిపూట ఎదుటివాడి కళ్లు పోగొట్టే వీరులకి ఈ లెక్క ఎవరైనా చెబితే బాగుణ్ణు.

తుప్పు సంగతి మన ఊళ్లో వేరు. గాల్లో ఉప్పు రేకు మీద కూర్చుని తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి వాన లేని రోజు కూడా బండి కింద తడే. జాకీ పెట్టే చోటు, రన్నింగ్ బోర్డు, డోర్ల అడుగు అంచు, మ్యాట్ల కింద ఫ్లోరు, ఈ నాలుగూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే అక్కడ రేకు లేదు, రంగే ఉంది. మెరిసే రేకు తగిలేదాకా కోసి, 20 గేజి రేకు సీఓటూ వెల్డింగ్‌తో అతికించి, ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీమ్ సీలర్, ఆ తర్వాతే అండర్‌బాడీ కోటింగ్. ఆటోనగర్లో నా పని ఈ వరసలోనే చేయించాను, దగ్గరే నిలబడి. నిలబడకపోతే తుప్పు మీద ఎంసీల్ మెత్తి, పైన నల్ల కోటింగ్ కొట్టి ఇస్తారు. లోపల తడి ఇరుక్కుపోతుంది, రెండో వానాకాలానికి రేకు పొడి పొడి.

ఇంత చేశాక ఫిట్‌నెస్ పరీక్షలో ఏమవుతుందిలే అనుకుంటాం కదా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తించాడు. ఇంజిన్ వైపు చూడలేదు, నా కొత్త వెల్డింగ్ వైపు అసలే చూడలేదు. టార్చి నేరుగా ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే అడ్డురేకు మీద వేసి "నంబరేదయ్యా?" అన్నాడు. వైపర్ల కింద, రేకు మీద పంచ్ కొట్టి ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరు. దాని మీద ఎప్పుడో రంగేసినాయన ఇంజిన్ బే నీటుగా ఉంటుందని నల్లగా స్ప్రే కొట్టేశాడు. ఆ రంగు కింద ఉప్పు తన పని తను చేసుకుపోయింది. ఇన్‌స్పెక్టర్ వేలితో గీకితే బొబ్బ పగిలి అర్ధరూపాయంత పెచ్చు ఊడొచ్చింది. "ఎక్కడ కొన్నావు ఈ బండి?" అన్నాడు, లైన్లో అందరికీ వినపడేలా. వెనకాల ఆటోవాళ్లు ఒకటే నవ్వు. మొదటి ఓనర్ని నేనే, షోరూం ఇన్‌వాయిస్ చేతిలోనే ఉంది, తిరగేసి చూడలేదు. "నంబరు కనిపిస్తేనే రా. లేపోతే దొంగబండి లెక్కే." అంతే, తర్వాతి బండి.

గేటు దగ్గర ఏజెంటు తగులుకున్నాడు. "ఏటి సార్ దీనికే, గ్రైండర్‌తో ఒక్క రుద్దు రుద్ది కొత్తగా పంచ్ కొట్టించేద్దాం." చచ్చినా ఆ పని చేయకండి. ఆర్టీఓ రాతపూర్వక అనుమతి లేకుండా నంబరు చెరిపి మళ్లీ కొడితే అది ట్యాంపరింగ్, అప్పుడు నిజంగానే దొంగబండి కింద కడతారు. అరిగిన నంబరుని బయటికి తీయాలి గానీ కొత్తగా రాయకూడదు.

పద్ధతి ఇదీ. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. థిన్నర్‌లో తడిపిన గుడ్డని రంగు మీద ఆనించి మెత్తబడ్డాక ప్లాస్టిక్ ముక్కతో గీకండి. ఎమరీ పేపరు, వైర్ వీల్ దగ్గరికి రానివ్వొద్దు, పంచ్ లోతు చాలా తక్కువ, రెండు రుద్దులకే అంకె మాయం. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు లీటరు గోరువెచ్చని నీళ్లకి 100 గ్రాములు. అందులో దూది ముంచి నంబరు మీద పరిచి, జారకుండా పైన పాలిథీన్ కవరు టేపుతో అంటించాలి. రెండు మూడు గంటలకోసారి దూది మార్చి, పాత టూత్‌బ్రష్‌తో ఒకే దిశలో తోమాలి. తుప్పు నల్లటి బురదలా వదిలి వస్తుంది. బాత్రూం యాసిడ్ వాడకండి, అందులో ఉండేదీ క్లోరైడే, సముద్రపు ఉప్పు చేసే పనే ఇంకా వేగంగా చేస్తుంది. రస్ట్ కన్వర్టర్ కూడా ఇక్కడ పనికిరాదు, అది తుప్పుని నల్లని పొరగా మార్చి గీతల్లోనే గట్టిపరుస్తుంది. చివర వంటసోడా నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో వెంటనే ఆరబెట్టండి. వదిలేస్తే కాసేపటికే ఎర్రజీర మళ్లీ వస్తుంది.

చదవడానికి టార్చిని ఎదురుగా కాదు, పక్క నుంచి ఏటవాలుగా వేయండి. నాకు 3, 8 తేడా అలాగే తెలిసింది. ఛాసిస్ నంబర్లో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, కాబట్టి గుండ్రంగా ఉన్నదల్లా సున్నా, నిలువుగీత ఒకటి. ఫోటో కోసం సుద్దముక్క రుద్ది పైపైన తుడిస్తే గీతల్లో తెలుపు నిలుస్తుంది. ఆర్సీతో పోల్చి చూసుకునే ప్రింటు కోసం ఆ సుద్ద పూర్తిగా దులిపి, మెత్తటి పెన్సిల్‌ని అడ్డంగా రుద్ది, సెల్లోటేపు అతికించి లేపి తెల్లకాగితం మీద అంటించాలి. ఇంటి దగ్గరే మంచి ప్రింట్లు తీసి పట్టుకెళ్లాను. అదే ఇన్‌స్పెక్టర్ టేపుని ఆర్సీ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి, మాట మాట్లాడకుండా సంతకం పెట్టాడు. సారీ ఏమీ లేదు లెండి.

ఇంటికొచ్చి నంబరు మీద క్లియర్ లక్కర్ (రంగులేని పూత) పల్చగా ఒక్క కోటు వేశాను, రంగు వద్దు. వైపర్ల కింద గ్రిల్లు విప్పితే డ్రెయిన్ గొట్టం నిండా ఎండుటాకులు. నీళ్లు ఫైర్‌వాల్ మీదుగా కారడానికి కారణం అదే. మెత్తటి వైరు దూర్చి రెండు వైపులా తీసి, మగ్గుతో నీళ్లు పోసి చక్రం వెనక కారుతున్నాయో లేదో చూసుకోండి. అక్టోబరు తుఫాన్లకి ముందే.