కాలిన పచ్చికకు అతుకు వేసిన విధం

మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో నాలుగేళ్ల క్రితం పరిపించిన కృత్రిమ పచ్చికపై గత దీపావళి రాత్రి ఒక చిచ్చుబుడ్డి పక్కకు ఒరిగి, అరచేయంత మేర పోగులను కరిగించి నల్లని పెంకులా మార్చేసింది. కాకరపువ్వొత్తుల రవ్వలు రాలిన చోటల్లా మిరియపు గింజంత మచ్చలు మిగిలాయి. ఈ పోగులు చాలావరకు పాలిథీన్‌తో తయారవుతాయి. అది 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్యనే కరుగుతుంది. రవ్వ వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. కనుక చెంబుడు నీళ్లు తెచ్చేలోపే జరగవలసింది జరిగిపోతుంది.

పచ్చిక పరిచినవారిని పిలిపిస్తే, మొత్తం తీసేసి కొత్తది వేయించుకోవడమే మార్గమన్నారు. ఆ మాట నాకు రుచించలేదు. పోగులనూ, అడుగు గుడ్డనూ, దానికి పట్టించిన రబ్బరు పూతనూ విడదీయడం కష్టం కాబట్టి ఇది ఒకసారి చెత్తలోకి వెళ్తే తిరిగి వాడుకలోకి రావడం అరుదు. అరచేయంత మచ్చ కోసం 200 చదరపు అడుగుల ప్లాస్టిక్‌ను చెత్తకుప్పకు పంపడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే స్వయంగా పూనుకున్నాను.

చిన్న మచ్చలకు అతుకు అక్కరలేదు. కరిగి ముద్దకట్టిన కొనలను చిన్న కత్తెరతో కత్తిరించి, చుట్టూ ఉన్న పోగులను వేళ్లతో దువ్వితే అవి ఆ చోటును కప్పేస్తాయి.

పెద్ద మచ్చకు ముక్క ఎక్కడి నుంచి తేవాలన్నది అసలు ప్రశ్న. పరిచిన రోజున మిగిలిన ముక్కను అమ్మ చుట్టచుట్టి అటక మీద దాచింది కానీ, నాలుగు వేసవుల ఎండకు నేల మీది పచ్చిక రంగు వెలిసింది. అటక మీది ముక్క కొత్త చిగురులా మెరుస్తోంది. దాన్ని నడుమ అతికిస్తే మచ్చ పోయి మరో మచ్చ వస్తుంది. అందువల్ల తులసికోట వెనుక, అంతే ఎండ తగిలినా ఎవరి చూపూ పడని మూల నుంచి ఒక చతురస్రం కోసి ఇక్కడికి తెచ్చి, ఆ మూలలో అటక మీది ముక్కను వేశాను. పూలకుండీల కింది నుంచి తీయకూడదు. అక్కడ ఎండ సోకక రంగు వేరుగా ఉంటుంది.

కోత విషయంలో తొందర పనికిరాదు. పోగులు అడుగు గుడ్డకు వరుసలు వరుసలుగా కుట్టి ఉంటాయి. తల పాపిడి తీసినట్టు వాటిని రెండు పక్కలకూ విడదీస్తే, రెండు వరుసల మధ్య సన్నని ఖాళీ కనిపిస్తుంది. కత్తి అందులోనే నడవాలి. వరుస మీదుగా పోతే పోగులు కుట్టు వదిలి రాలిపోతాయి, అతుకు అంచు బట్టతలలా మిగులుతుంది. కొత్త బ్లేడు వేసి, ఒక్కసారే తెగాలని అదమకుండా రెండు మూడు సార్లు తేలికగా గీశాను. తీసిన ముక్కనే కొలతగా బోర్లా పరచి, మూల నుంచి తెచ్చిన ముక్కను వెనుక వైపు నుంచే కోశాను.

ఇక వాలు సంగతి. ఈ పచ్చిక పోగులన్నీ ఒకే దిక్కుకు ఒరిగి ఉంటాయి. మా ఇంట్లో అవి వరండా వైపు వాలాయి. మఖ్మల్ గుడ్డను చేత్తో ఒకవైపు నిమిరితే లేతగా, ఎదురు నిమిరితే ముదురుగా కనిపించినట్టే, ముక్క తిరగబడితే ఎంత బాగా అతికినా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. జిగురు పెట్టకముందు ఊరికే అమర్చి చూసినప్పుడు, మధ్యాహ్నం సరిగ్గానే తోచింది. సాయంత్రపు ఏటవాలు ఎండలో చూస్తే ఆ చతురస్రం నల్లగా తేలింది. తీసి, తిప్పి పెట్టి, వెనుక సుద్దముక్కతో బాణం గుర్తు వేసుకున్నాను.

అడుగున కుంగిన చోట రాతిపొడి నింపి, తడిపి, చెక్కతో కొట్టి చదును చేశాను. అది ఆరాక, ముక్కలను అడుగు నుంచి కలిపి పట్టే అతుకు పట్టీని నాలుగు అంచుల కిందకూ సగం సగం వచ్చేలా తోసి, బయటి వానకు తట్టుకునే పాలీయురెథేన్ జిగురును పలుచగా పూశాను. రెండేళ్ల క్రితం ఒక అంచు లేచినప్పుడు చెక్కపనికి వాడే తెల్ల జిగురు రాశాను; మొదటి వానకే అది పాలలా కరిగి ఊడిపోయింది. ముక్కను దించేటప్పుడు అంచుల్లో పోగులు కింద ఇరుక్కోకుండా ఒక్కొక్కటిగా సూదితో పైకి లాగవలసి వచ్చింది. ఈ ఒక్క పనికే గంట పట్టింది, ఆ గంట వృథా కాలేదు. పైన టైల్స్, వాటి మీద ఇటుకలు పెట్టి ఒక రోజు కదల్చలేదు.

మర్నాడు కొంచెం సిలికా ఇసుక చల్లి, కొబ్బరి ఈనెల చీపురుతో పోగుల వాలుకు ఎదురుగా ఊడ్చాను. ఇసుక మొదళ్లలోకి దిగి పోగులను నిలబెట్టింది.

అమ్మ రోజూ తెల్లవారుజామున ఆ పచ్చిక మీద చెప్పులు లేకుండా నడుస్తుంది. అతుకు ఎక్కడుందో చెప్పమంటే, రెండుసార్లు తిరిగి, కాలితో తడిమి, తులసికోట వెనుక మెరుస్తున్న కొత్త ముక్కను చూపించింది.